ఈ టైలర్ చైల్డర్స్ ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు?

ఇరవైమూడో_రోడ్డు
ఉండేది ఓహాయోలో, కొలంబస్‌కు ఉత్తరాన. పోయిన నెల నా కారు మరమ్మతుకు వెళ్లింది. ఆఫీసులో నా పక్క సీటు ఆయన వారం రోజులు తన ట్రక్కులో ఎక్కించుకుని తీసుకెళ్లాడు. వాళ్లది కెంటకీ. మాటలు తక్కువ. ట్రక్కులో మాత్రం పొద్దున, సాయంత్రం ఒకటే గొంతు. మొదటి రోజు భరించాను. రెండో రోజు ఇతను పాడుతున్నాడా, ఎవరినైనా తిడుతున్నాడా అనుకున్నాను. నాలుగో రోజు నేనే "నిన్న సాయంత్రం వచ్చినది మళ్లీ పెట్టండి" అని అడిగాను.

పేరు టైలర్ చైల్డర్స్. ఇంటికి వచ్చి వెతికితే ఒక సంగతి కనబడింది. 2018లో అమెరికానా (అమెరికా జానపద మూలాలున్న సంగీతానికి పెట్టిన పేరు) పురస్కారాల సభలో వర్ధమాన కళాకారుడిగా బహుమతి ఇచ్చారట. అందుకుని, ఆ వేదిక మీదే, నేను కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) గాయకుణ్ణి, ఈ అమెరికానా అన్నది ఏమీ కాదు అని ఇచ్చినవాళ్లకే చెప్పి దిగాడట. పెళ్లికి పిలిస్తే వచ్చి, విస్తరి ముందు కూర్చుని పప్పులో ఉప్పు లేదన్నట్టు లేదూ? నా ఫిర్యాదు అదే. ప్రశ్న ఏమిటంటే, ఈ మనిషి ఎలా మొదలయ్యాడు? ఎవరిని విని ఇలా తయారయ్యాడు? కంట్రీ అంటే నాకు టోపీ, బూట్లు, ట్రక్కు తప్ప ఏమీ తెలియదు.

మిరపతోట
ట్రక్కులో విన్నారు కదా, మూడింట ఒకటి అయిపోయింది. టోపీ, బూట్లు కొనుక్కోండి.

లెక్సింగ్టన్_లలిత
మీ పేరులోనే జవాబు ఉంది. 23వ నంబరు రహదారి మీదే కదా మీరు రోజూ ఆఫీసుకు వెళ్లేది? అదే రోడ్డు పట్టుకుని దక్షిణానికి పోండి. పోర్ట్స్‌మత్ దాటి, ఒహాయో నది దాటి, ఆష్‌లండ్ దాటితే సుమారు మూడు గంటల్లో లూయీసా అనే చిన్న ఊరు వస్తుంది. లారెన్స్ కౌంటీకి అది ముఖ్య పట్టణం. చైల్డర్స్ ఆ కౌంటీవాడే. 1991 జూన్ 21న పుట్టాడు. తండ్రి బొగ్గు పనిలో, తల్లి నర్సు. పాట నేర్చింది చర్చి బృందంలో. పదమూడేళ్లప్పుడు గిటారు పట్టాడు, అప్పుడే రాయడమూ మొదలుపెట్టాడు.

ఇక ఎవరిని విన్నాడు అంటే, ఆ రోడ్డు పక్కన ఉన్నవాళ్లందరినీ. అతిశయోక్తి కాదు. కెంటకీ ప్రభుత్వం 1994లో ఆ రహదారికి 'కంట్రీ సంగీత రహదారి' అని పేరు పెట్టింది. కౌంటీ మారినప్పుడల్లా అక్కడ పుట్టిన గాయకుల పేర్లతో బోర్డులు వస్తాయి. జాన్సన్ కౌంటీలో బుచర్ హాలర్ నుంచి లొరెటా లిన్, ఆమె చెల్లెలు క్రిస్టల్ గేల్. అదే కౌంటీలో పెరిగినవాడు క్రిస్ స్టేపుల్టన్. పైక్‌విల్‌లో పుట్టినవాడు డ్వైట్ యోకమ్. ఆష్‌లండ్ నుంచి జడ్స్ తల్లీకూతుళ్లు. చైల్డర్స్ సొంత కౌంటీ నుంచి రికీ స్కాగ్స్. పొలాలూ బొగ్గు గనులూ తప్ప మరేమీ లేని కొండల్లో ఇంతమంది.

మా ఆయన ఆ బోర్డులు చదవడానికి బండి ఆపి ఆపి, పెళ్లి విందుకు మమ్మల్ని పాయసం వేళకు చేర్చారు.

తాళం_తప్పినవాడు
హాలర్ అంటే?

లెక్సింగ్టన్_లలిత
రెండు కొండల మధ్య ఇరుకైన లోయ. ఒక వాగు, వాగు పక్కన ఒక దారి, దారి పొడవునా పది పదిహేను ఇళ్లు. రాసేటప్పుడు హాలో అనే రాస్తారు, అక్కడివాళ్ల నోట్లో హాలర్ అవుతుంది. చైల్డర్స్ సొంత రికార్డు కంపెనీ పేరు కూడా హిక్‌మన్ హాలర్.

మిరపతోట
రోడ్డు వల్ల గాయకుడు పుట్టాడంటే నేను ఒప్పుకోను. ఆ రోడ్డు మీద పాడటం రాని వేలమంది కూడా పుట్టారు. వాళ్లకు బోర్డులు పెట్టరు కాబట్టి మనకు కనబడరు.

ఇరవైమూడో_రోడ్డు
లలిత గారూ, నేను తెలియక పెట్టుకున్న పేరు ఇంత పని చేస్తుందనుకోలేదు. ఇల్లు కొన్న సందులోంచి బయటికి వస్తే అదే రోడ్డు, అందుకు పెట్టుకున్నాను.

ఈ రోజు భోజనాల దగ్గర ఆయనకు చెప్పాను. ఆయన చిన్నగా నవ్వి, వాళ్ల నాన్న గనుల పని తగ్గిపోయాక ఆ రోడ్డు మీదే కొలంబస్ ఫ్యాక్టరీకి వచ్చారన్నాడు. అక్కడి బడిలో పిల్లలకు నేర్పేవి మూడే అని వాళ్ల ఊళ్లో పాత హాస్యమట: చదవడం, రాయడం, 23వ రోడ్డు ఎక్కడం. చిన్నప్పుడు ప్రతి శుక్రవారం సాయంత్రం కారెక్కి తాతగారి ఇంటికి, ఆదివారం రాత్రి మళ్లీ వెనక్కి. ఇక్కడ నలభై ఏళ్లు ఉన్నా ఆయన 'ఇల్లు' అంటే ఇప్పటికీ కెంటకీయే. ఆ మాట నాకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

బొగ్గుబావి_వారసుడు
ఆ హాస్యం మీద డ్వైట్ యోకమ్ 1987లోనే పాట చేశాడు. పైక్‌విల్‌లో పుట్టినా పెరిగింది మీ కొలంబస్‌లోనే.

మిరపతోట గారూ, నాది గోదావరిఖని. నాన్న ముప్ఫై ఒక్క ఏళ్లు బావి దిగారు. రోడ్డు గాయకుణ్ణి పుట్టించదు, నిజమే. కానీ బొగ్గు ఊళ్లో పాటకు వేరే చోటు ఉంటుంది. మొదటి షిఫ్టుకు వెళ్లిన మనిషి ఇంటికి వచ్చేదాకా ఇంట్లో ఎవరూ పైకి అనని ఒక బరువు ఉంటుంది. రాత్రి షిఫ్టు రోజుల్లో అది రెట్టింపు. నాన్న క్షేమంగా వచ్చి మంచం మీద కూర్చుని కూనిరాగం తీస్తే, ఆ రోజు గడిచిందని అర్థం. చైల్డర్స్ పాటల్లో తండ్రి వచ్చినప్పుడల్లా నాకు ఆ మంచం కనబడుతుంది.

తండ్రి కొడుక్కి చెప్పే బుద్ధుల మీద అతని పాట ఒకటి ఉంది. వంచిన తల ఎత్తకుండా పని చేసుకో, ఆ మాత్రల జోలికి పోకు అని. గనుల్లో నడుము విరిగినవాళ్లకు నొప్పి మాత్రలు రాసిచ్చి, ఆ మాత్రలకే ఊళ్లకు ఊళ్లు బానిసలైన ప్రాంతం అది. ఏళ్ల తరబడి సభల్లో పాడుతూనే ఉన్నాడు, జనం ఫోన్లలో చూస్తూనే ఉన్నారు, స్టూడియో ఆల్బంలోకి మాత్రం 2025లోనే ఎక్కింది.

మిరపతోట
సరే, మీ నాన్నగారి మంచం దగ్గర నేను వాదించను. రోడ్డు మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది.

ఫిడిల్_సుబ్బు
ఎవరిని విన్నాడు అన్నదానికి రికీ స్కాగ్స్ పేరు దాటి వెళ్లిపోయారు, అక్కడ కాసేపు ఆగాలి. స్కాగ్స్ ఆరేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు బ్లూగ్రాస్‌కు, అంటే ఫిడిల్, బాంజో, మాండొలిన్‌లతో సాగే కంట్రీ బాణీకి, పితామహుడైన బిల్ మన్రో వాళ్ల దగ్గరి ఊరికి కచేరీకి వచ్చాడు. ఊరివాళ్లు మా పిల్లవాడి చేత ఒకటి వాయించమని కేకలు వేశారు. మన్రో పిల్లవాణ్ణి వేదిక మీదికి పిలిచి, తన మాండొలిన్ పట్టీ బిగించి వాడి మెడలో వేశాడు. ఆ కథ వింటూ పెరిగే కౌంటీలో పుట్టడమంటే, పాడటం మామూలు మనుషులు చేసే పని అని చిన్నప్పుడే తెలిసిపోవడం. మిరపతోట గారికి నా జవాబు ఇది. ప్రతిభను ఊరు ఇవ్వదు, ధైర్యాన్ని ఇస్తుంది.

ఇంకొకటి. చైల్డర్స్ సభలో దులిపాడన్న ఆ 'ఏమీ కాదు' అన్న మాట కూడా సొంతది కాదు. తనకు నచ్చని సంగీతం గురించి బిల్ మన్రో అనేవాడని చెప్పుకునే మాట అది. అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి అది ఎవరి మాటో తెలుసు. తిట్టినా తాతగారి మాటతోనే తిట్టాడు.

పాలకొల్లు_పద్మ
మాండొలిన్ అంటే మాకు మా ఊరి శ్రీనివాసే. అమెరికా కొండల్లో కూడా ఉందని ఇప్పుడే తెలిసింది.

ఫిడిల్_సుబ్బు
ఉంది పద్మ గారూ, కాకపోతే శ్రీనివాస్ గారిది గమకం పలికే విద్యుత్ మాండొలిన్. వీళ్లది కరెంటు లేని ఎనిమిది తీగల వాద్యం. కూరలు టకటకా తరిగినట్టు వాయిస్తారు, తాళానికి డ్రమ్ము అక్కరలేదు.

ఫిరంగిపురం_ఫిలోమిన
అసలు ప్రశ్నకు నేను వస్తాను. ఆ సభలో అతను అన్నది పూర్తిగా వింటే కోపం తగ్గుతుంది. మంచి కంట్రీ పాడేవాళ్లను అమెరికానా అనే వేరే గదిలో కూర్చోబెడుతున్నారు, దానితో అసలు కంట్రీకి పట్టిన రోగం గురించి ఎవరూ మాట్లాడటం లేదు, ఇది పర్గేటరీలో ఉన్నట్టు ఉంది అన్నాడు. 2017 ఆగస్టులో వచ్చి అతనికి పేరు తెచ్చిన ఆల్బం పేరు కూడా పర్గేటరీయే.

మా కతోలికుల భాషలో దాన్ని ఉత్తరించు స్థలం అంటాం. స్వర్గానికి పోయే ముందు ఆత్మ శుద్ధి పొందే చోటు. చైల్డర్స్ పెరిగింది ఫ్రీ విల్ బాప్టిస్టు చర్చిలో. వాళ్ల నమ్మకంలో అలాంటి మధ్య మజిలీ లేదు. ఉంటే స్వర్గం, లేకపోతే నరకం. ఆ పేరుతో ఉన్న పాటలో సంగతి ఏమిటంటే, అల్లరిచిల్లరగా తిరిగే బాప్టిస్టు కుర్రవాడు ఒక కతోలిక అమ్మాయిని ప్రేమిస్తాడు. మా లెక్కలో నేను నేరుగా నరకానికే, మీ లెక్కలో అయితే మధ్యలో ఒక చోటు ఉందట కదా, నా కోసం ప్రార్థించు అని బేరం పెడతాడు. మొదటిసారి విన్నప్పుడు వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మా ఊరి కుర్రవాళ్లు కూడా ఇలాంటి బేరాలు చాలా పెట్టారు, ఇంత బాగా రాయలేదు.

తాళం_తప్పినవాడు
ఫిలోమిన గారూ, మీరు ప్రార్థించారా లేదా అది చెప్పండి.

ఫిరంగిపురం_ఫిలోమిన
ఒకరి కోసం ప్రార్థించాను. ఇప్పుడు రోజూ చెత్త బయట పెట్టమని ఆయనకే గుర్తు చేస్తున్నాను.

నిద్రలేని_నరసింహం
అందరూ ఇంత మురిసిపోతున్నారు కాబట్టి ఒకరైనా చేదుగా మాట్లాడాలి. కొండలు, బొగ్గు, చర్చి, నాన్న, పాత ట్రక్కు. ఇది కూడా ఒక సరుకే. కంట్రీ వ్యాపారానికి కేంద్రమైన నాష్‌విల్‌లో కంపెనీలు టోపీ అమ్ముతాయి, ఇతను మట్టి అమ్ముతాడు. 2019 ఆల్బం ఆర్‌సీఏ వంటి పెద్ద కంపెనీతో కలిసి వేశాడు, అది కంట్రీ ఆల్బంల పట్టికలో మొదటి స్థానంలో దిగింది. అంతకు ముందు ఏడాదే కదా వ్యవస్థ మీద ఉపన్యాసం?

బొగ్గుబావి_వారసుడు
మట్టిలో పుట్టినవాడు మట్టి అమ్మితే తప్పేమిటి? పక్క ఊరి మట్టి తెచ్చి అమ్మితే కదా తప్పు.

నిద్రలేని_నరసింహం
తప్పు అనలేదు. అమ్మకం అన్నాను.

లెక్సింగ్టన్_లలిత
నరసింహం గారూ, 2019 దగ్గర మొదలుపెట్టారు, అంతకు ముందు ఎనిమిదేళ్లు వదిలేశారు. మొదటి ఆల్బం 2011లో. ఇరవై నిండీ నిండని కుర్రవాడు సొంతంగా వేసుకున్నది. దాని పేరుకు తెలుగు చెప్పాలంటే సీసాలు, బైబిళ్లు. అంటే తాగుడూ, భక్తీ. అప్పటికే అతని సరుకంతా అందులో ఉంది. కాలేజీలో ఒక సెమిస్టరు చదివి మానేశాడు, మా లెక్సింగ్టన్‌లో కమ్యూనిటీ కాలేజీలో చేరి అదీ మానేశాడు. చిల్లర పనులు చేసుకుంటూ ఇక్కడి బార్లలో, అవతల వెస్ట్ వర్జీనియాలో హంటింగ్టన్ బార్లలో పాడాడు. ఇక్కడి ఒక రేడియో కార్యక్రమంలో పాడినవే 2013, 2014లలో రెండు చిన్న రికార్డులుగా వచ్చాయి. వాద్యబృందానికి పెట్టుకున్న పేరు 'ఫుడ్ స్టాంప్స్'. మన మాటల్లో రేషన్ కార్డులు అనుకోండి.

వర్ధమాన కళాకారుడి బహుమతి వచ్చేసరికి అతను ఏడేళ్లుగా వర్ధమానుడే. నాకైతే అక్కడే కొంచెం కడుపు మండి ఉంటుందనిపిస్తుంది.

మిరపతోట
రేషన్ కార్డుల బృందం! మా అపార్ట్‌మెంటు వినాయక చవితి బృందానికి ఈ ఏడాది ఇదే పేరు.

ఇరవైమూడో_రోడ్డు
ఏడేళ్ల సంగతి నాకు తెలియదు. అయితే పప్పులో ఉప్పు మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

మరి 2017లో ఒక్కసారిగా ఎలా మారింది?

ఫిడిల్_సుబ్బు
స్టర్జిల్ సింప్సన్ వల్ల. ఆయనదీ తూర్పు కెంటకీయే, జాక్సన్‌లో పుట్టాడు. నౌకాదళంలో, రైల్వేలో పని చేసి ఆలస్యంగా సంగీతంలోకి వచ్చాడు. 2017 ఫిబ్రవరిలో ఉత్తమ కంట్రీ ఆల్బంకు గ్రామీ తీసుకున్నాడు. ఆయన డ్రమ్మరు మైల్స్ మిల్లర్ ఇద్దరినీ కలిపాడు. సింప్సన్, డేవిడ్ ఫెర్గుసన్ కలిసి చైల్డర్స్ పర్గేటరీ ఆల్బం నిర్మించారు. ఫెర్గుసన్ అంటే కంట్రీ దిగ్గజం జానీ క్యాష్ చివరి రోజుల్లో ఆయన రికార్డింగులు చేసిన ఇంజనీరు. స్టూడియోలో రికార్డు చేసిన చేతులు మారాయి, అంతే. పాటలు పాతవే, బార్లలో అరిగి అరిగి నునుపెక్కినవి. ఫిడిల్ వాయించింది స్టువర్ట్ డంకన్. ఆ ఆల్బంలో ఫిడిల్ మీదే ధ్యాస పెట్టి ఒక్కసారి వినండి, గొంతు మర్చిపోతారు.

రాతలో మాత్రం నాకు జాన్ ప్రైన్ ఛాయ కనబడుతుంది. చికాగో దగ్గర తపాలా పంచుతూ పాటలు రాసిన మనిషి, ఆయన తల్లిదండ్రులది పశ్చిమ కెంటకీ. పెద్ద మాట వాడకుండా పెద్ద బాధ చెప్పడం ఆయన దగ్గర నేర్చుకోవలసిందే.

నిద్రలేని_నరసింహం
ప్రైన్ పేరు చెప్పి నా నోరు మూయించారు. ఇది అన్యాయం.

బొగ్గుబావి_వారసుడు
ఆ గొంతు గురించి ఎవరూ చెప్పలేదు. మొదటి పోస్టులో 'తిడుతున్నాడా' అన్నారే, అది కొండ చర్చిల బాణీ. ఓల్డ్ రెగ్యులర్ బాప్టిస్టులని తూర్పు కెంటకీలో ఒక శాఖ ఉంది. వాద్యం ఉండదు. ఒకరు పాటలో ఒక పాదం ఎత్తుకుంటారు, మిగతావాళ్లు సాగదీసి అందుకుంటారు. మన ఊళ్లలో భజన కూడా ఈ పద్ధతే కదా, కాకపోతే మనకు తాళాలు మోగుతాయి, వాళ్లకు అవీ లేవు. చైల్డర్స్ వెళ్లిన చర్చి వేరు, కానీ కొండలో గాలి ఒకటే. పక్క కొండకు వినబడేలా పాడే గొంతు అది. మైకు ఉన్నా ఆ అలవాటు పోదు.

పాలకొల్లు_పద్మ
నేను ఇప్పుడు వింటున్నాను. ఒక పాట పేరులో 'ఇండియన్స్' అని ఉంది. ఈకలు తగిలించుకున్న ఇండియన్స్ అట! మన గురించా? మనకు ఈకలేమిటి?

తాళం_తప్పినవాడు
సంక్రాంతి పందాల తరవాత మీ భీమవరం వైపు ఈకలకు కొదవా పద్మ గారూ?

లెక్సింగ్టన్_లలిత
మన గురించి కాదు పద్మ గారూ. బెల్టు బిళ్ల మీద ఈకల తలపాగాతో అమెరికా ఆదివాసి బొమ్మ ఉంటుంది. ప్రియురాలి ఒంటి మీద ఆ బొమ్మ అచ్చు పడటం గురించి ఆ పాట. జనం అడిగి మరీ పాడించుకునే పాట. అయినా ఆ మాట ఆదివాసులను నొప్పిస్తుందని ఆలోచించి, కొన్నేళ్లపాటు సభల్లో దాన్ని పాడటం మానేశాడు. నరసింహం గారు గమనించాలి, బాగా అమ్ముడయ్యే సరుకును అరలోంచి తీసేశాడు.

నిద్రలేని_నరసింహం
గమనించాను. ఒక మార్కు.

మిరపతోట
మన గురించి కూడా ఒకటి ఉంది, ఎవరూ చెప్పలేదా? 2025 జులైలో వచ్చిన ఆల్బంలో 'తీర్థ యాత్ర' అనే పాట. అచ్చంగా ఆ పేరే. అందులో భగవద్గీత ప్రస్తావన. అదే ఆల్బంలో ఇంకో పాటలో హరే కృష్ణ మంత్రం వినబడుతుంది. నిర్మాత రిక్ రూబిన్. నేను మొదట వేరే ఎవరి ఫైలో కలిసిపోయిందనుకున్నాను.

ఇరవైమూడో_రోడ్డు
నిజమా?

మిరపతోట
విని రండి. చెబితే నమ్మరు.

ఫిరంగిపురం_ఫిలోమిన
బాప్టిస్టు చర్చిలో మొదలై, పర్గేటరీ మీదుగా గీత దాకా వచ్చాడన్నమాట. ఇంకో రెండు ఆల్బంలకు తిరుమల మెట్లు ఎక్కుతాడు.

నిద్రలేని_నరసింహం
ఇది నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. గీత పేరు పాటలో వాడుకోవడం అరవైలలో కూడా చూశాం. కొత్త రుచి కోసం చల్లిన మసాలా కాకపోతే మంచిదే.

బొగ్గుబావి_వారసుడు
నేను పదిసార్లు విన్నాను. కుతూహలంతో పుస్తకం చదివిన పల్లెటూరి మనిషి మాట్లాడినట్టే ఉంది. తెలిసినట్టు నటించలేదు. ఫిడిల్ కూడా వదలలేదు. అది చాలు నాకు.

ఇరవైమూడో_రోడ్డు
కారు వచ్చి పది రోజులైంది. అయినా వారానికి ఒకరోజు ఆయన ట్రక్కులోనే వెళుతున్నాను. ఈ రోజు 'తీర్థ యాత్ర' నేను పెట్టించాను. పాట అయ్యాక ఆయన వాల్యూమ్ తగ్గించి అడిగాడు, తీర్థం అంటే ఏమిటని.

నీటి రేవు, పుణ్యక్షేత్రం అని చెప్పాను. గుడిలో పూజారి దోసిట్లో పోసే నీళ్లను కూడా అదే అంటామన్నాను. తల ఊపాడు. అక్కడ ఆగాల్సింది, ఆగలేదు. తాగుడు అలవాటున్న మామయ్య సాయంత్రం పూట కనబడకపోతే 'తీర్థం పుచ్చుకోవడానికి వెళ్లాడు' అంటామని కూడా చెప్పేశాను.

లెక్సింగ్టన్_లలిత
సీసాలు, బైబిళ్లు!

ఇరవైమూడో_రోడ్డు
ఆయనా సరిగ్గా అదే అన్నాడు. ఆఫీసు దిగే మలుపు దాటిపోయేదాకా నవ్వాడు. చైల్డర్స్ 2020లో తాగడం మానేశాడు కాబట్టి అతనికి ఇక పూజారి పోసేదే మిగిలిందట.

మీటింగుకు పావుగంట ఆలస్యమైంది. ఇద్దరమూ కారణం చెప్పలేదు.